తమ్ముడి చేతిమీద మొలిచిన సొర

సాయంత్రం దుకాణం మూసి ఇంటికొచ్చిందంటే టైలరమ్మ చెప్పులు కూడా విప్పకుండా నేరుగా పెరట్లోకే వెళ్ళేది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా వంగి మడిలోకి చూసేది. మట్టి తప్ప అక్కడేముంది, నా మొహం.

ఆ పెరడు మొదట్లో పెరడే కాదు. ఇల్లు కట్టినవాళ్ళు వదిలేసిన ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు, పగిలిన గాజు. సెలవొస్తే చాలు, గునపం పట్టుకుని దిగేది. అరచేతులు బొబ్బలెక్కి సూదిలో దారం ఎక్కించలేకపోయిన రోజులున్నాయి. పొద్దస్తమానం బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషికి, తను పెంచిన కాయ తన చేత్తో కోసుకోవాలన్నది ఒక్కటే కోరిక. దానికీ ఇన్నేళ్ళు పట్టింది, ఎందుకంటే ముందు తమ్ముణ్ణి పెంచాలి కదా! అమ్మానాన్నా పోయాక వాడి ముక్కు తుడిచిందీ, చదివించిందీ, స్పేరు పార్టుల కొట్లో ఉద్యోగం వేయించిందీ ఆవిడే. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళని "ముందు వీణ్ణి ఒడ్డెక్కించనివ్వండి" అని పంపేసింది.

అందుకే "విత్తనాలు నేను తెస్తాలే అక్కా" అని వాడంటే పొంగిపోయింది. తెచ్చాడు కూడా. సొర, చిక్కుడు, బెండ. రాత్రి నానబెట్టే పని కూడా తనదేనన్నాడు. పొద్దున్నే పక్కన కూర్చుని, వేలితో గుంటలు చేసి ఒక్కొక్కటీ వేశాడు.

మొలవలేదు. ఎరువు వేసింది, మొలవలేదు. నీళ్ళు తగ్గించింది, పెంచింది, అయినా మొలవలేదు. గోడ అవతలి నర్సమ్మ తొంగిచూసి, "ఆసుపత్రిలో రోగులకి కూడా నేనింత సేవ చెయ్యలేదమ్మా," అంది.

"నేల మంచిది కాదక్కా," అన్నాడు తమ్ముడు ఒకరోజు అన్నం కలుపుకుంటూ. "ఎందుకొచ్చిన తిప్పలు? గచ్చు చేయించేద్దాం. గ్యారేజీ ఆయన అద్దెకి తీసుకుని షెడ్డు వేసుకుంటానంటున్నాడు. నువ్వు ఊఁ అంటే రేపే కొలతలకి వస్తాడు."

ఇల్లు ఇద్దరిదీ. ఆవిడ ఊఁ అనకపోతే షెడ్డు లేదు. ఆవిడ కంచం పక్కకి జరిపింది. "సరేలేరా. నా చెయ్యే మంచిది కాదేమో," అంది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర పాలాయనకి గిన్నె పట్టింది తమ్ముడే. ఆ చేతికి బొటనవేలి పక్కన రెండాకుల సొర మొలక. చెవి వెనకనుంచి చిక్కుడు తీగె. పాలాయన వింతేమీ పడలేదు.

"ఏం బాబూ, విత్తనాలు మూకుట్లో వేయించావా?"

"అబ్బే..."

"అబ్బే ఏమిటి? మా బావమరిదికీ ఇంతే. వాళ్ళన్న విత్తనాలు ఉడకబెట్టి ఇచ్చాడు, కనుబొమల్లో మొలిచాయి. చంపిన విత్తనం చంపినవాడి ఒంటిమీదే కదా లేచేది!" అని పాలు పోసి సైకిలెక్కాడు.

గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మ అంతా వింది. తిన్నగా మడి దగ్గరికెళ్ళి వేళ్ళతో తవ్వింది. దొరికిన చిక్కుడు గింజ నల్లగా మాడి ఉంది. వాడు విత్తనాలు నానబెడతానన్న రాత్రి మూకుడు తోమి బోర్లించి ఉండటం అప్పుడు గుర్తొచ్చింది. తాగిన గ్లాసు తియ్యని వెధవ మూకుడు తోమాడని మురిసిపోయి, నర్సమ్మకి కూడా గొప్పగా చెప్పుకుంది. మాడిన గింజ తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"అడగొచ్చు కదరా."

"అడిగితే నువ్వు బాధపడతావని..."

"ఓహో! అందుకని నా చెయ్యే పాడుదని నన్ను నమ్మనిచ్చావా? రోజూ నా ఎదురుగా కూర్చుని, నేను వండింది తింటూ!"

వాడు తల దించుకున్నాడు. దించితే పాపిట్లో బెండ మొలకలు బారులు తీరి కనిపించాయి.

కొలతలకి వచ్చిన గ్యారేజీ ఆయన వాణ్ణి ఎగాదిగా చూశాడు. "సొంత అక్కకే మాడ్చిన విత్తనాలిచ్చావు. రేపు నన్నేం చేస్తావో!" అని వచ్చిన దారినే పోయాడు.

"పీకితే ప్రాణం పోతోందక్కా," అని ఏడ్చాడు తమ్ముడు. మోసపోయినవాళ్ళ చెయ్యి పడితేనే అవి ఊడొస్తాయని ఆ వీధిలో అందరికీ తెలుసు. టైలరమ్మ వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుంది. చిన్నప్పుడు తలలో పేలు తీసినంత ఓపిగ్గా, వేరు తెగకుండా ఒక్కొక్కటే తీసి మడిలో నాటింది. నాటినవి నాటినట్టే నిలబడ్డాయి.

వాడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "కోపం పోయిందిగా? ఆకలేస్తోందక్కా," అన్నాడు.

"వీధి గది నీది. పొయ్యి కొనుక్కో," అంది చేతులు కడుక్కుంటూ. ఆ పూటనుంచే ఆ ఇంట్లో వేరు కుంపట్లు.

సొర విరగకాసింది. మొదటి కాపు కోస్తుంటే ఆవిడకి సంతోషం రావాలి కదా, ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని నర్సమ్మకొకటి, పాలాయనకొకటి ఇచ్చింది. చివరికి వీధి గది తలుపు తట్టింది. తమ్ముడు తలుపు తీసి, అక్కని చూసి, మొహం వెలిగిపోయి రెండు చేతులూ చాపాడు.

ఆవిడ కాయ ఆ చేతుల్లో పెట్టింది.

"మా పెరట్లో కాసిందండీ," అంది. "తీసుకోండి."