లీవు చార్టులో పదిహేను గళ్ళు

మా ల్యాబులో రక్తం తీసేవాళ్ళం ఇద్దరమే. నేనూ, పిచ్చుకా. పిడికెడంత మనిషి, నోరు మాత్రం మూతపడదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఎనిమిదేళ్ళ క్రితం కొత్తగా చేరినప్పుడు సూది పట్టుకుంటే దాని చేతులు వణికేవి. "గుచ్చవే, నేనేం చావను" అని నా చెయ్యి చాచి, నరం పట్టడం నేర్పింది నేను. అలాంటి పిచ్చుక యూరప్ వెళ్తోంది. మొగుడితో. పదిహేను రోజులు.

నాకు కడుపు మండింది. దాచుకోవడమెందుకు, భగ్గున మండింది.

వెళ్ళేవాళ్ళు నోరు మూసుకుని వెళ్ళొచ్చుగా? రెండు నెలలుగా ఇదే గోల. వీసా ఇంకా రానేలేదు, ఈవిడగారు బూట్లు కొనేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! కొత్త బూట్లు కరవకుండా ముందే అలవాటు చేసుకోవాలట, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి టకటకా నడిచేది. అక్కడి కోటలకి మెట్లెక్కువట, లిఫ్టు మానేసి మూడంతస్తులూ ఎక్కి వచ్చి, రొప్పుతూ పేషెంట్ల చేతులు పట్టుకునేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర కాగితం పరిచేది. ఏ రోజు ఏ ఊరు, ఏ రైలు, రాత్రి ఎక్కడ పడక, అన్నీ రంగు పెన్సిళ్ళతో గీసుకుంది.

"ఆరో రోజు మంచుకొండ మీదకి రైల్లో వెళ్తామక్కా. కుడివైపు కూర్చోవాలా, ఎడమవైపా?"

నేనేదో అక్కడే పుట్టి పెరిగినట్టు! "మధ్యలో నిలబడవే, రెండువైపులా కనిపిస్తుంది" అన్నాను. అది నిజంగానే రాసుకుంది.

పాస్‌పోర్టు నాకూ ఉంది. తొమ్మిదేళ్ళ క్రితం ముచ్చటపడి తీయించుకున్నాను. అందులో ఒక్క ముద్ర లేదు, వచ్చే ఏడాదికి గడువు కూడా తీరిపోతుంది. ఆ ఊపులోనే పెద్ద చక్రాల పెట్టె ఒకటి కొన్నాను. దాంట్లో ఇప్పుడు దుప్పట్లున్నాయి. పిచ్చుక కన్ను దాని మీద పడింది.

"జిప్పు పోయిందే" అని అబద్ధమాడాను.

"మా ఆయన బాగుచేయిస్తాడక్కా."

"మరి దుప్పట్లు ఎక్కడ పెట్టుకోను, నీ నెత్తి మీదా?"

పకపకా నవ్వింది. నా మాటలు దానికెప్పుడూ తగలవు. అదింకో మంట.

ఇంటికెళ్ళి మా ఆయన్ని కదిపి చూశాను. "యూరప్‌లో ఏముందే? అక్కడా ఆకాశం పైనే ఉంటుంది" అని టీవీ శబ్దం పెంచాడు. ఈ మహానుభావుడితో నేనెక్కడికి వెళ్తాను, బస్టాండు దాకా వెళ్తాను.

మా ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే రెండోవాళ్ళు ఉండి తీరాలి. ఫ్రిజ్ పక్కన లీవు చార్టు వేలాడుతూ ఉంటుంది. అందులో ముందు ఎవరి పేరు పడితే సెలవు వాళ్ళది. డాక్టరుగారికి అంతకుమించి ఏమీ పట్టదు. వీసా కోసం పిచ్చుక రాయించుకున్న ఉత్తరం మీద కూడా చదవకుండానే సంతకం గీకాడు. ఊరంతా టముకు వేసిన పిచ్చుక చార్టులో మాత్రం తన పేరు రాయలేదు. వీసా చేతికి రాకముందే రాస్తే అచ్చిరాదట.

ఆ బుధవారం వీసా వచ్చేసింది. పిచ్చుక ఊడ్చే ఆవిణ్ణి కావలించుకుంది, రిసెప్షన్ అమ్మాయిని కావలించుకుంది, చివరికి నా మెడ పట్టుకుని వేలాడింది.

"అంతా నీ చలవే అక్కా. నువ్వెలాగూ ఎక్కడికీ వెళ్ళవు కదా, నువ్వుంటావన్న ధైర్యంతోనే టికెట్లు తీసుకున్నాను."

మనసులో ఏమీ పెట్టుకోకుండానే అంది. అందుకే మరీ కాలింది. నేనెక్కడికీ వెళ్ళనా? నేనేమన్నా గోడకి కొట్టిన మేకునా? అది మొగుడికి ఫోను చేద్దామని బయటికెళ్ళగానే, ఆ పదిహేను గళ్ళలోనూ నా పేరు రాసేశాను. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో.

గడ్డివాములో కుక్క తాను తినదు, ఆవును తిననివ్వదు. ఆ కుక్కని నేనేనని నాకు తెలుసు. తెలిసే రాశాను.

పిచ్చుక లోపలికొచ్చి చార్టు చూసింది. నేను పోట్లాటకి నడుం బిగించి నిలబడ్డాను. అదేమంటే నేనేమనాలో వరసగా పేర్చి పెట్టుకున్నాను కూడా. అది నన్ను దాటుకుని పోయింది. డాక్టరుగారి గదిలోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. "చార్టులో పేరున్నవాళ్ళకే సెలవు, మీరూ మీరూ తేల్చుకోండి" అన్నాడట. అది ఆ తర్వాత నాతో తేల్చుకోనూ లేదు, అరవనూ లేదు. గురువారమంతా నా చేతిలో బరువున్న పెట్టెలు లాక్కుని తనే మోసింది. మాటిమాటికీ నన్ను కూర్చోమంది. నేను చూడట్లేదనుకున్నప్పుడల్లా నా మొహంకేసి చూసింది.

శుక్రవారం పొద్దున, పరగడుపున వచ్చే జనం పల్చబడ్డాక, తలుపు గడియ పెట్టి పేషెంట్ల కుర్చీ చూపించింది.

"కూర్చో అక్కా."

"ఎందుకే?"

"ముందు కూర్చో. బావగారికి కూడా చెప్పలేదు కదూ? నేనూ ఎవరికీ చెప్పను. రిపోర్టు మీద నీ పేరు కూడా వెయ్యను."

నాకు అర్థమయ్యేలోపే మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించేసింది. దూదితో తుడిచింది, గుచ్చింది. ఒక్క పోటుకే నరం దొరికింది. నేను నేర్పిన చెయ్యి కదా, ఎక్కడికి పోతుంది?

"పదిహేను రోజులంటే ఆపరేషనే అయ్యుంటుందని మా ఆయనతో అన్నాను" అంది, గొట్టంలోకే చూస్తూ. "లేకపోతే నువ్వలా చేసే మనిషివి కాదు. టికెట్లు వెనక్కిచ్చేయమని చెప్పేశాను. యూరప్ ఎక్కడికి పోతుందక్కా? ముందు నువ్వు బాగుండాలి."

దాని కళ్ళు నిండిపోయాయి. చెయ్యి మాత్రం కదల్లేదు.

ఆ క్షణంలో నాకేం తోచిందో చెప్తే మీరు నా మొహం చూడరు. ఏదో కణితి అని అనేస్తే సరిపోతుందనిపించింది. అది వెళ్ళదు, నా పరువూ పోదు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ రక్తం తీసుకెళ్ళి మిషన్లో పెట్టి, దాని ముందు అది దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చుంటుందని నాకు తెలుసు.

"నాకే రోగమూ లేదే" అన్నాను.

"మరి ఆ పదిహేను రోజులు?"

"నువ్వు వెళ్తున్నావని రాశాను. చూడలేక. ఓర్వలేక. చాలా?"

పిచ్చుక రబ్బరు పట్టీ విప్పింది. సూది తీసి దూది పెట్టింది. "చెయ్యి మడిచి పట్టుకోండి, అయిదు నిమిషాలు" అంది, రోజూ నలభైమందికి చెప్పినట్టే. గొట్టం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తలుపు తీసుకుని బయటికెళ్ళింది.

నేను చార్టులో నా పేరు కొట్టేసి, ఆ గళ్ళలోనే దాని పేరు ఇరికించి రాశాను. మధ్యాహ్నం చూసింది. "థాంక్సక్కా" అంది. ఇంకా రద్దు చేయని టికెట్లు అలాగే ఉంచమని మొగుడికి ఫోను చేసింది. ఆ తర్వాత వెళ్ళేదాకా పది రోజులపాటు ల్యాబులో యూరప్ ఊసే లేదు. బూట్ల చప్పుడు లేదు. భోజనాల దగ్గర కాగితం పరచలేదు. స్వెట్టర్లు కొందో లేదో, పెట్టె ఎవర్నడిగి తెచ్చుకుందో, నాకు ఒక్కటీ తెలియలేదు. నేను అడుగుదామని నోరు తెరిచినప్పుడల్లా అది ఏదో గొట్టానికి చీటీ అంటిస్తూ ఉండేది.

అది వెళ్ళాక ఇద్దరి పనీ నేనే చేశాను. ఫోటోలొస్తాయి, చూసి కుళ్ళి చస్తానని ముందే సిద్ధపడ్డాను. మూడో రోజు రిసెప్షన్ అమ్మాయి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. రాతి వంతెన మీద పిచ్చుక, మొగుడి చెయ్యి పట్టుకుని. అయిదో రోజు ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి మరీ చూపించింది. ఏడో రోజు డాక్టరుగారు! "చూశావా, మన పిచ్చుక మంచులో ఎలా నిలబడిందో?" అన్నాడు. చూశానండీ అన్నాను. నా ఫోనుకి మాత్రం ఒక్కటి రాలేదు. మొదట నెట్‌వర్కు అనుకున్నాను. తర్వాత ఫోను ఆపేసి మళ్ళీ ఆన్ చేశాను.

తొమ్మిదో రోజు సిగ్గు విడిచి నేనే రాశాను. "అందరికీ పంపావు. నాకేదే ఫోటో?"

గంట తర్వాత జవాబొచ్చింది. "చూస్తే నీకు బాధగా ఉంటుందని పంపలేదక్కా. ఏమనుకోకు."

దులిపేసినా బాగుండేది. నీ కుళ్ళుబోతు మొహానికి ఫోటోలొక్కటే తక్కువని తిట్టినా పడేదాన్ని. ఆ జాలి చూసి ఒళ్ళు మండిపోయింది, ఆ మంటలోనే ఏడుపొచ్చింది. కుర్చీలో చెయ్యి చాపి కూర్చున్న పెద్దాయన "ఏమ్మా, సూది నాకా, నీకా?" అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి బాబాయిగారూ" అని చెప్పి ఫోను తీశాను.

"బాధపడితే పడతాలే, పంపవే" అని కొట్టాను.