తలుపు పిడికి వేలాడిన సంచి

2019 జూలై 9, మంగళవారం, ఉదయం పదిన్నర. బూసాన్ నగరం, మా కొండవాలు పేట కార్యాలయంలో రెండో అంతస్తు గది. హాజరైనవారు నలుగురు: వృద్ధుల బాగోగులు చూసే అధికారిణి రా హ్యంజు, మా సందుకు పెద్దగా వ్యవహరించే గూ ఛాంగ్‌సిక్, ఇంటింటికీ పులిసిన పాల సీసాలు వేసే తక్ మిసన్, నేను. నేను ఫ్యో ఒక్‌బున్ అవ్వ పక్కవాటాలో పదకొండేళ్లుగా అద్దెకుంటూ, ఓడ ఇంజన్ల వాడుక పుస్తకాలలో తప్పులు దిద్దుకుని బతికే పరదేశిని. అవ్వ రాలేదు. తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది.

జరిగినదేమిటో అప్పటికి అందరికీ తెలుసు. జూలై ఒకటిన, సోమవారం తెల్లవారుతుండగా అవ్వ వంటగదిలో జారిపడింది. గురువారం దాకా లేవలేకపోయింది. బియ్యం నానబోసిన గిన్నె చేతికందే దూరంలో ఉండబట్టి ఆ నీళ్లతో ప్రాణం నిలిచింది. ఒంటరిగా ఉండే వృద్ధుల తలుపు పిడికి కట్టిన సంచిలో కార్యాలయం రోజుకొక పాలసీసా వేయించేది ఇందుకే. తలుపు మీద కాగితం కూడా అంటించారు: ‘రెండు సీసాలు తీయకుండా ఉంటే వెంటనే ఫోన్ చేయండి.’ తక్ మిసన్ ఫోన్ చేయలేదు. ఆ మూడు రోజులూ ఆమె సీసాలు వేయకుండానే వేసినట్టు పుస్తకంలో గుర్తు పెట్టిందా అన్నదే విచారణ. పెట్టిందని తేలితే, పద్నాలుగేళ్లుగా ఆమె తిరుగుతున్న వీధులు మరొకరికి పోతాయి.

“ఏమ్మా, మూడు సీసాలు తలుపుకి వేలాడుతుంటే కళ్లకి ఆనలేదా? మా సందులో పిల్లికైనా కనపడేదే!” అన్నాడు గూ.

“వేలాడితేగా బాబాయ్ కనపడేది! పొద్దున ఏడింటికి వెళ్తే రోజూ సంచి ఖాళీ. తాగేసిందనుకున్నా.”

“అంటే సీసాలకి కాళ్లొచ్చాయంటావు.”

“మీ మాటలకి కాళ్లొచ్చి పేటంతా తిరగట్లా? వాటికీ వచ్చుంటాయి.” తక్ అధికారిణి వైపు తిరిగింది. “గురువారం చూస్తే కిటికీ కింద మిరపమొక్కలు తలలు వాల్చేసి ఉన్నాయి మేడమ్. అవ్వ తను తిన్నా తినకపోయినా వాటికి నీళ్లు పోయకుండా ఉండదు. అందుకే తలుపు బాదా. నేను బాదకపోతే...”

కింద రోడ్డు మీద ఉల్లిపాయల బండి మైకులో అరుచుకుంటూ మలుపు తిరిగి వెళ్లేదాకా రా హ్యంజు ఆగింది. తరువాత ఒక కాగితం తీసింది.

“ఆసుపత్రిలో అవ్వ చెప్పింది చదువుతాను. ‘పొద్దుట పూట నాకు తెలివి ఉండేది కాదు. రోజూ మధ్యాహ్నం ఎవరో వచ్చి తలుపు దగ్గర ఆగేవారు. సంచి చప్పుడయ్యేది. పిలిచాను, గొంతు పైకి రాలేదు. మనిషైతే వస్తున్నాడు కదా, రేపైనా తలుపు కొడతాడులే అనుకున్నా.’”

“మధ్యాహ్నమట! విన్నారా?” గూ బల్ల మీద చరిచాడు. “ఈవిడేమో పొద్దున ఏడింటికి అంటోంది!”

తక్ మిసన్ మొహంలో రంగు పోయింది. “నేను మధ్యాహ్నం ఆ వైపే రాను బాబాయ్. ఎవరినైనా అడగండి.”

రా నావైపు చూసింది. “మాస్టారూ, మీది పక్కవాటా. మీకేమైనా కనిపించిందా?”

“ఆయన్నెందుకు లాగడం?” అన్నాడు గూ. “సెప్టెంబరులో వీసా పొడిగింపుకు పెట్టుకోవాలి. ఏమీ చూడలేదని చెప్పేయండి మాస్టారూ. అసలు మీరు గదిలోంచి బయటికొచ్చేదెప్పుడు గనక!”

అతడు నా మేలు కోరే అన్నాడు. నేను రోజుకొక్కసారి, మధ్యాహ్నం రెండింటికి, చెత్త వేయడానికి బయటికి వస్తాను. ఆ సంగతి అతనికి తెలియదు.

నా చేతిసంచిలో మూడు సీసాలున్నాయి. బయలుదేరేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టుకున్నాను. చెప్పాలన్న నిశ్చయమేమీ అప్పటికి లేదు. వాటిని ఇంట్లో వదిలి రావడం చేతకాలేదు, అంతే. ఒక్కొక్కటే తీసి, మూతల మీది తేదీల వరుసలో బల్ల మీద పెట్టాను.

“వీటిని తీసింది నేను,” అన్నాను.

మిగతాది కూడా చెప్పాను. పోయిన వేసవిలో అవ్వ చెల్లెలి కూతురి ఇంటికి వెళుతూ, ఎండకు పాడవుతాయి, మూడు రోజులు నా సీసాలు నీ ఫ్రిజ్‌లో పెట్టు నాయనా అని అప్పగించింది. ఈసారి సోమవారం రెండింటికి సంచిలో సీసా కనిపిస్తే మళ్లీ ఊరికి వెళ్లిందనుకున్నాను. తలుపు కొట్టలేదు. మంగళవారమూ, బుధవారమూ అలాగే తీసి దాచాను.

“తలుపు మీద కాగితం ఉందిగా మాస్టారూ!” తక్ నావైపు తిరిగింది. “అన్నన్ని పుస్తకాలు చదువుతారు, ఆ ఒక్క ముక్క చదవలేదా?”

“చదివాను.”

“చదివి?”

ఆ కాగితాన్ని రెండేళ్లుగా రోజూ చదువుతూనే ఉన్నాను. మంగళవారం దాని కింది మూల ఊడి గాలికి కొట్టుకుంటుంటే, బొటనవేలితో ఒత్తి అంటించాను కూడా. ఆ సంగతీ చెప్పాను.

“గురువారం అంబులెన్సు వచ్చింది కదా. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు?” అని రా అడిగింది.

“నన్ను ఎవరూ అడగలేదు.”

అది నిజమే. ఆ తరువాతి నాలుగు రోజులూ కిమ్చీ పచ్చడి డబ్బా కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ మూడూ కనిపిస్తూనే ఉన్నాయి. డబ్బా తీసుకుని తలుపు మూశాను. అన్నం తిన్నాను. నిద్ర కూడా పట్టింది. సిగ్గో భయమో రావాలని కాసేపు ఎదురుచూశాను గానీ ఏదీ రాలేదు. ఇక్కడ కార్యాలయం గదిలో ఫ్యాను తల తిప్పుతూ ఒకరి తరువాత ఒకరి మీదికి గాలి పంపుతోంది.

గూ పెద్దగా దగ్గాడు. “మరి నువ్వు ఇంతసేపూ నాతో ఎదురు మాటలాడుతూ...” అని తక్‌తో ఏదో అనబోయి, “సరేలేమ్మా, నాదే తొందర,” అని ముగించాడు.

“మీ వీధులు మీకే ఉంటాయి మిసన్‌గారూ,” అంది రా, రాయడం మొదలుపెడుతూ.

తక్ తల ఊపింది. నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పవలసిన పనీ లేదు. సీసాలను ఒకసారి చూసి, “అవి తాగకండి. పారబోసి, కడిగి, ప్లాస్టిక్ చెత్తలో వేయండి,” అంది. మళ్లీ నావైపు తిరిగి, “మొక్కలకి పొద్దున నేను పోస్తున్నా. సాయంత్రం మీరు పోయండి. మరిచిపోతే ఈసారి బాదేది మీ తలుపే,” అంది.

“పోస్తాను,” అన్నాను.

రా రాసినది చదవమని ఇచ్చింది. రెండు పేజీలు. నాలుగో వరుసలో ‘అవ్వ ప్రమాదంలో ఉండవచ్చని తెలుసుకునే అవకాశం లేక’ అని ఉంది.

“ఆ మాట కొట్టేయండి,” అన్నాను.

“ఉంటే వీసాకి మంచిది మాస్టారూ.”

“అవకాశం తలుపు మీదే అంటించి ఉంది కదా.”

ఆమె నా మొహం చూసి, అడ్డగీత గీసి, పక్కన తన పొట్టి సంతకం పెట్టింది. గూ సంతకానికి బదులు తన పేరున్న ఎర్ర ముద్ర వేశాడు. తక్ కూడా సంచి అడుగు నుంచి ముద్ర వెతికి తీసి వేసింది. నాకు ముద్ర లేదు. విదేశీయుల గుర్తింపు కార్డు మీద ఉన్న పూర్తి పేరునే తెలుగు అక్షరాలలో రాసి సంతకం చేశాను. రా ఆ కాగితాలను మూడు మడతలు పెట్టి కవరులో దూర్చింది. ఇనుప బీరువా రెండో అరలో, ఫ్యో ఒక్‌బున్ అని రాసిన అట్టఫైలులో దానిని పెట్టి, తాళం వేసింది.