జోడు లేని గెలుపు

నల్లగొండ బస్టాండు వెనక మేడమీది కంప్యూటర్ సెంటర్లో నూరుద్దీన్‌కు మాస్టరు కొలువు ఖాయం కావాలంటే ఒక్కటే షరతు. చేరబోయే పిల్లల తల్లిదండ్రుల ముందు, అతను తయారుచేసిన ఇంటర్నెట్ ఆటను యజమాని గుర్వయ్య సారు ఆడి చూపాలి, అది సాఫీగా సాగాలి. తొంభై తొమ్మిదో సంవత్సరం. ఇంటర్నెట్ అంటేనే జనం నోరెళ్లబెట్టే రోజులు.

ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బోర్లించిన పేకముక్కల్లో ఒకటి నొక్కి, మరొకటి నొక్కితే, రెండూ రాణులో రాజులో అయితే జతగా మాయమవుతాయి. మన మాస్టరు అంతటితో ఆగలేదు. ఆ ఆటను బ్రౌజర్లో తెరిచి, మనిషి చెయ్యి పడకుండా తానే ఆడి, తప్పుంటే చెప్పే ఇంకో ప్రోగ్రాం కూడా రాశాడు. అది వంద ఆటలు ఆడింది. ఒక్క తప్పూ లేదంది. ఇక అతన్ని పట్టుకోవడం ఎవరి తరం!

ముందురోజు, ఊడ్వడానికొచ్చిన బిక్షమ్మను సరదాకి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ సెంటర్లో మొదటి పాఠం, దేన్నైనా టకటకా రెండుసార్లు నొక్కమనే. తలుపు దగ్గర చీపురు పట్టుకుని ఏడాదిగా వింటున్న పాఠం. ఆమె అలాగే నొక్కింది.

"సారూ, జోడు లేకుంటనే ముక్క మాయమైతాంది, జూడు."

"నీకు నొక్కుడు రాక గట్లయితాంది. వంద ఆటలు ఆడి జూసిన నేను. లే, లే."

అక్కడ నేర్చుకుంటున్న పిల్లలు గొల్లున నవ్వారు. బిక్షమ్మ లేచి చీపురు అందుకుంది.

మర్నాడు గుర్వయ్య సారు దర్జాగా కూర్చుని, తన సెంటర్ పాఠమే కదా, ముక్కను రెండుసార్లు నొక్కాడు. ఇస్పేటు రాణి తనతో తానే జతకట్టి మాయమైంది. తర్వాత ఏది నొక్కినా అదే తంతు. ఒక్క జతా కలపకుండానే సారు గెలిచాడని కంప్యూటర్ చాటింది. వచ్చినవాళ్లు కిసుక్కుమన్నారు.

"ఏందయ్యా గిది?"

నూరుద్దీన్‌కు ఆ మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. "నిన్న బిక్షమ్మ ముట్టింది సార్. గప్పటిసంది ఖరాబైంది."

గుర్వయ్య ఆమెను పిలిపించి అందరి ముందూ కడిగేశాడు. బిక్షమ్మ నూరుద్దీన్ వైపు ఒకసారి చూసి, చీపురు తీసుకుని బయటికి వెళ్లింది. నాలుగు తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి తప్పు దొరికింది. రెండోసారి నొక్కింది వేరే ముక్కేనా అని ఆట చూసుకోవడం లేదు. అతని ప్రోగ్రామేమో ఎప్పుడూ రెండు వేర్వేరు ముక్కలనే నొక్కేది, ఇక దానికేం దొరుకుతుంది? ఆట ప్రోగ్రాంలో ఒక్క వరుస చేరిస్తే సరిపోయింది. నూరుద్దీన్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్నే వెళ్లి గుర్వయ్య గదిలో నిలబడ్డాడు. "తప్పు నాది సార్. బిక్షమ్మ ముందే జెప్పింది, నేనే ఇనలే. ఆమె మీద అబద్ధం జెప్పిన."

కొలువు పోయిందనే అనుకున్నాడు. గుర్వయ్య పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. "ఇప్పుడు మంచిగైంది గదా? ఇంకేం ఫికర్? పిల్లలు బానే చేరిన్రు. నీ కొలువు ఖాయం, పో."

అంటే నిన్న నిజం చెప్పినా ఏమీ పోయేది కాదు. అది తెలిశాక సిగ్గు ఇంకా పెరిగింది.

బిక్షమ్మ వరండా ఊడుస్తోంది. "బిక్షమ్మా, తప్పు నాదే. సారుకు జెప్పిన. జర వచ్చి మళ్లోపారి నొక్కి జూడు."

ఆమె ఊడ్వడం ఆపలేదు. "ఎంతమంది ముంగట జెప్పినవ్ సారూ?" అని అడిగింది.

గుర్వయ్య గదిలో అప్పుడున్నది తామిద్దరేనని గుర్తొచ్చి నూరుద్దీన్ తల దించుకున్నాడు.