అరచేతిలో పసుపు రాయి

పసుపు కొమ్ము విరిచి రంగు చెప్పడంలో అబ్దుల్ రషీద్‌ను మించినవాడు ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో లేడని పేరు. ఆ పేరు వినీ వినీ అతని తలకెక్కింది. పసుపుకు పనికొచ్చే కన్ను లోకంలో అన్నిటికీ పనికొస్తుందనుకున్నాడు. అక్కడే మునిగాడు.

అతని భార్య ఖతీజా ఇంట్లో బట్టలు కుడుతుంది. తల్లి ఇచ్చిన బంగారు గాజులు అమ్మి బస్టాండ్ దగ్గర చిన్న టైలరింగ్ దుకాణం పెట్టుకోవాలని ఆమె ఆశ. ఆ గాజుల మీద బాబురావు కన్ను పడింది. ఇల్లిల్లూ తిరిగి నగలూ రాళ్లూ అమ్మే మాటకారి బాబురావు ఒకరోజు వాళ్లింట్లో కూర్చున్నాడు.

"పసుపు వజ్రం సేట్! తెల్లయి ఏ దుకాణంల చూసినా దొర్కుతయి. గిసొంటిది జిల్లా మొత్తం తిరిగినా దొర్కది. రంగు ఎంత చిక్కగుంటే గంత విలువ. గా గాజులియ్యి, ఏడాది ఆగు. అక్కకు ఒక్కటి కాదు, రెండు దుకాణాలు పెట్టియ్యొచ్చు" అంటూ తెల్లకాగితం పొట్లం విప్పాడు. రాయిని కాగితం మీద ఉంచలేదు, తీసి రషీద్ అరచేతిలో పెట్టాడు.

"సర్టిఫికెట్ ఏది?" అంది ఖతీజా.

"సేట్ కన్ను కంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటదక్కా!"

సీజన్ జోరుగా నడుస్తున్న రోజులవి. రషీద్ చేతులు గోళ్ల సందుల దాకా పసుపే. ఆ అరచేతిలో రాయి చిక్కగా, నిండుగా మెరిసింది. రషీద్ మురిసిపోయాడు.

ఖతీజా చెయ్యి చాపింది. "జర నా చేతుల పెట్టుండ్రి, నేను గూడ చూస్త."

"నీకేం తెలుస్తది? చిన్నప్పటిసంది రంగు చూసుడే నా పని" అని ఆ చేతిని పక్కకు నెట్టాడు. కాసేపటికి ఆ చేతి గాజులే బాబురావు సంచిలో పడ్డాయి. భర్త కన్ను మీద ఊరందరికీ ఉన్న నమ్మకమే ఆమెకూ ఉండేది మరి.

మరుసటి సీజన్‌కు బస్టాండ్ దగ్గర ఒక దుకాణం ఖాళీ అయింది. రాయిని అమ్ముదామని ఇద్దరూ నిజామాబాద్‌లో ఒక వజ్రాల వ్యాపారి దగ్గరకు వెళ్లారు. అతను రాయిని తెల్లకాగితం మీద పెట్టాడు. రంగు ఎటు పోయిందో పోయింది.

"వజ్రమే, కానీ పసుపు వజ్రం గాదు. తెల్లదాంట్ల జర పసుపు నీడ. దీనికి తెల్లదాని ధర రాదు, పసుపుదాని ధర అసలే రాదు."

రషీద్ రాయిని లాక్కున్నంత పని చేశాడు. అరచేతిలో పెట్టి, "చూడుండ్రి! గిది పసుపు గాదా?" అని అరిచాడు.

వ్యాపారి నిదానంగా ఆ రాయిని తీసి ఖతీజా అరచేతిలో పెట్టాడు. నీటిచుక్కలా తెల్లగా ఉంది. "అడుగున ఏ రంగుంటే గదే పైకి కనవడ్తది. గందుకే మేం కాగితం మీద చూస్తం" అన్నాడు.

బాబురావు ఫోను ఎప్పుడో మూగబోయింది. తిరుగు బస్సులో ఖతీజా ఒక్కమాటే అంది: "గానాడు చెయ్యి చాపిన." ఆమెకు ఏడుపు రాలేదు. కడుపు మండింది. మోసగాడి మీద కన్నా పక్కన కూర్చున్నవాడి మీదే ఎక్కువ మండింది.

దుకాణాన్ని ఇంకెవరో తీసుకున్నారు. రాయిని అయినకాడికి అమ్ముకోవడానికి రషీద్‌కు పరువు అడ్డొచ్చింది. అడుగు తెరిచి ఉండే వెండి ఉంగరంలో దాన్ని పొదిగించుకుని మార్కెట్‌కు వెళ్లాడు. పసుపంటిన వేలి మీద అది పసుపుపచ్చగా మెరిసింది. "ఏం రంగు సేట్!" అన్నారందరూ. రషీద్ మీసం దువ్వాడు. ఆ చేత్తోనే రైతుల కొమ్ములు విరిచి, "రంగు తక్కువుంది" అని ధర తగ్గిస్తూనే ఉన్నాడు.

సీజన్ అయిపోయింది. చేతుల పసుపు వదిలిపోతూ వచ్చింది, వేలి మీద రాయీ వెలిసిపోతూ వచ్చింది.

ఒక పొద్దున బాకీల లెక్క చూసుకోవడానికి మార్కెట్‌కు బయల్దేరే ముందు రషీద్ వంటింట్లో పోపుల డబ్బా తెరిచి, ఉంగరం వేలికి పసుపు రుద్దుకుంటున్నాడు. గుమ్మంలో ఖతీజా నిలబడి ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో తెలియదు. రషీద్ చెయ్యి ఆగిపోయింది.

ఆమె లోపలికొచ్చి పొయ్యి ముట్టించింది.

"జర కూరకు గూడ ఉంచుండ్రి" అంది.