తలకొక సోల

పేతురు పోయిన మర్నాడు కృపావతి ఎసట్లో పోసే బియ్యాన్ని మూడు సోలల నుంచి రెండుకు దించింది. ఆ ఇంట్లో తలకొక సోల లెక్క, సాయంత్రం ఒకసారే వంట. పోసేముందు పిడికెడు తీసి ప్రార్థన గుడికిచ్చే కుండలో వెయ్యాలి. మొగుడు ఎప్పుడో పోయాడు. ఇప్పుడు పెద్దకొడుకు టైఫాయిడ్‌తో పోయాడు కాబట్టి ఒక సోల తగ్గింది, అంతే. ఏడుపు రాలేదు. మనసు బండబారిపోయిందనుకుని నాట్లకి వెళ్ళిపోయింది.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. నాలుగు నెలలు గడిచాక హైస్కూలు డ్రిల్లు మేష్టారు వీరన్నగారు రాజోలు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. చిన్నకొడుకు దానియేలు ఆయన కబడ్డీ జట్టులో ఆడతాడు.

"కూతకెళ్ళి గీత దగ్గరే కూలబడిపోయేడమ్మా. పదిరోజుల్లో అమలాపురంలో పోటీలు. ఇలాగైతే తీసుకెళ్ళలేను. ఏం పెడుతున్నావు వాడికి?"

"అన్నమేనండి, పులుసండి."

"పెసలు నానబెట్టి పెట్టు. గుడ్డు దొరికితే గుడ్డు, లేపోతే కాలవ చేపలు. అవన్నీ తర్వాత, ముందు కడుపునిండా అన్నం పెట్టు. ఎదిగే పిల్లాడు, అందులో ఆడే పిల్లాడు."

"ఆయ్. వాడి సోల ఎప్పుడూ తగ్గించలేదండి."

ఆయన వెళ్ళాక కొడుకునడిగింది. "ఇదివరకు సరిపోయేది కదరా?"

దానియేలు నేలచూపులు చూశాడు. "నువ్వు వడ్డించేసి ప్రార్థనకెళ్ళిపోయేదానివి కదమ్మా. అన్నయ్య తన కంచంలోది సగం నాకు పెట్టేసేవాడు. కామందుగారింట్లో తినేసొచ్చేననేవాడు."

పేతురు కొబ్బరికాయలు వలిచింది ఆ కామందుగారి దొడ్లోనే. ఆ మహానుభావుడి ధర్మగుణం కృపావతికి తెలియనిది కాదు. రెండేళ్ళు అక్కడ కూలి చేసింది, మజ్జిగ చుక్క కూడా ఎరగదు. జ్వరం రాకముందే పేతురి డొక్కలు లోపలికి పోయి కనిపిస్తే ఎండకి వాడిపోయాడనుకుంది. కన్నతల్లై ఉండి అంతకంటే ఆలోచించలేదు. ఇప్పుడూ కళ్ళు తడవలేదు.

ఆ సాయంత్రం డబ్బా మూత తీసింది. రెండు సోలలు కొలిచి మూడోది తీయబోతే సోల అడుగుకు తగిలింది. పేతురు కూలి ఆగి నాలుగు నెలలైంది మరి. అలవాటుగా పిడికెడు తీసి, గుడి కుండదాకా వెళ్ళి, వెనక్కొచ్చి ఎసట్లోనే పోసేసింది. పాపమని కూడా అనిపించలేదు.

వండినదంతా దానియేలు కంచంలో పెట్టింది. ప్రార్థన గంట కొట్టినా కదల్లేదు. వాడు రెండు ముద్దలు తిని ఖాళీ గిన్నె చూశాడు.

"నీకేదమ్మా?"

"కామందుగారింట్లో తినేసొచ్చేన్రా."

నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. దానియేలు చెయ్యి కంచంలో ఆగిపోయింది. వాడు లేచి, గూట్లో ఉన్న పేతురి సొట్ట కంచం తెచ్చి, సగం అన్నం అందులోకి తోసి ఆమె ముందు పెట్టాడు.

"తినమ్మా. నువ్వు తింటేనే నేను తింటాను."

కృపావతి ముద్ద కలిపింది. నోటిదాకా తీసుకెళ్ళాక, నాలుగు నెలల ఏడుపూ అప్పుడొచ్చింది. ఏడుస్తూనే తింది. ఆ పూట ఇద్దరి కడుపూ నిండలేదు.