గోడవతలి శ్రుతి

పియానో వాయించడానికి పిలిపించిన రామ్మోహనరావుగారు మా పాటతో పాటు నాలుగు మెట్లు నొక్కి, చేతులు తీసేశారు. మా గిటార్ల శ్రుతి పియానో కంటే కొంచెం తగ్గి ఉందన్నారు. అప్పటికి మధ్యాహ్నం రెండైంది. మా బ్యాండు రెండో క్యాసెట్‌కి ఏడు పాటలు రికార్డయిపోయాయి, పియానో ఉన్నది ఎనిమిదోదానికే. ఆరు దాటితే బోయిన్‌పల్లిలోని ఆ స్టూడియో ఇంకొకరిది. రాత్రి రైలుకి టేపులు మద్రాసు వెళ్ళాలి.

గిటార్లన్నీ శ్రుతి చేసేది నేనే. మా బ్యాండు లీడరు, పాడేవాడు సదాశివ మైకు వదిలేసి నా ముందుకొచ్చాడు.

"ఏందిది ఆలిస్? ఏడు పాటలు సుత గిట్లనేనా?"

అవునన్నాను. అబద్ధమాడి ఏం లాభం?

"ఈ పాట పోతే నువ్వు సుత బ్యాండ్ల ఉండవు."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి శ్రుతి అంటే మా ఇంట్లో ఉన్న మడత ఆర్గనే. వీధి సువార్త కూటాలకి నాన్న మోసుకెళ్ళేది అదే. మా మొదటి క్యాసెట్ వచ్చాక చర్చి సంఘ పెద్దలు గొడవ చేస్తే, అక్కడి పాటల బృందానికి, మా క్వయర్‌కి, మాస్టరైన నాన్నే అందులోంచి నా పేరు కొట్టేశారు. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. రోజూ తెల్లవారగానే ఆయన ఆర్గన్ సాధన చేసేవారు. నేను గోడవతల కూర్చుని దానికే తీగలు బిగించుకునేదాన్ని. మాట్లాడని మనిషి దగ్గర శ్రుతి మాత్రం తీసుకున్నాను. అంత పొగరు నాకు.

గిటార్లని పియానోకి పెంచితే ఈ ఒక్క పాటే మిగతా ఏడింటితో కలవకుండా పోతుంది. పియానో బదులు ఆ ఆర్గన్ వస్తేనే ఈ పాటకి మోక్షం. ఆటోలో బన్సీలాల్‌పేట వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఏడాదిన్నర తర్వాత నాన్నని పిలిచాను. జరిగింది చెప్పాను. ఆయన వెంటనే ఆర్గన్ మడిచి, ఆటోలో కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు.

స్టూడియోలో సదాశివ గోడ గడియారం చూస్తున్నాడు. నాలుగున్నర. నాన్న ఆర్గన్ విప్పుతూ అతనితో అన్నారు:

"తప్పు అమ్మాయిది కాదు బాబూ. ఈ ఆర్గన్ రీడ్ల శ్రుతి ఎప్పుడో దిగిపోయింది. నాకు తెలుసు."

"తెలిసి చెప్పలేదా అంకుల్?"

"చెబుదామంటే మాకు మాటల్లేవుగా. అమ్మాయి గోడవతల ఒక్కో తీగ బిగించుకుంటుంటే, అయ్యేదాకా ఆ శ్రుతి మెట్టు మీద నుంచి వేలు తీసేవాణ్ణి కాదు. నాకు చేతనైంది అంతే."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

టేపు తిరగడం మొదలైంది. క్వయర్లో నాన్న శ్రుతి ఇచ్చేదాకా ఎవరూ గొంతు విప్పకూడదు. అది ఆయన పెట్టిన రూలే. ఇప్పుడు ఆయనే మెట్ల మీద వేళ్ళు ఆనించి, నొక్కకుండా నావైపు చూశారు.

"శ్రుతి ఇవ్వమ్మా," అన్నారు.

కళ్ళు తుడుచుకుని తీగ మీటాను.