చప్పుడు కాకుండా దూకు

ఖమ్మం స్టేడియంలో జిల్లా కబడ్డీ జట్టు ఎంపికకు వచ్చిన అమ్మాయిలను పరీక్షిస్తున్నాను. చిన్న పెట్టె మీది నుంచి రెండు కాళ్లతో దూకాలి. నేలను తాకేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా అని ఫోన్లో వీడియో తీసి చూస్తాను. వాలితే గాయపడే భయం కొంత ఎక్కువ. ఫిజియోగా నా పని అదే.

ఏన్కూరు అవతల అడవి పల్లె నుంచి వచ్చిన భాను ధన్‌మని దూకింది. పెట్టె పక్కనున్న నీళ్ల సీసా పడిపోయింది. ఎడమ మోకాలు బాగా లోపలికి వాలింది.

“అయిపాయె,” అన్నాడు కోచ్ జైరాం. “గీ మోకాలుతోని ఆట నడుమల పడిపోతే నన్నంటరు. జట్టుకు పనికిరాదని రాయుండ్రి సార్.”

“గంత గట్టిగ ఎందుకు దుంకినవమ్మా?” అని అడిగాను.

“బలం సూస్తున్నరనుకున్న సార్. మా ఊర్ల భూమి అదిరితెనే ఆట.”

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. భాను నవ్వలేదు. “ఇంకోపారి దుంకుత,” అంది.

“ఎవ్వరికైన ఒక్కపారే,” అన్నాడు జైరాం.

“పరీక్ష పెట్టేది నేను, జైరాం.” నా గొంతు అంత గట్టిగా రావడం నాకే కొత్త.

నా భార్య శారద జబ్బుపడి పోయే ముందు, ఆమెకు కాస్త కునుకు పడితే చాలు, ఇంట్లో అడుగుల చప్పుడు కాకుండా తిరిగేవాణ్ణి. ఆ అలవాటే ఇప్పుడు మాటగా వచ్చింది.

“పక్కన ఎవరో ఇప్పుడే పండుకున్నరనుకో బిడ్డా. వాళ్లు లేవొద్దు.”

భాను దూకింది. చప్పుడే లేదు. మోకాళ్లు మెత్తగా వంగాయి. ఎడమది మాత్రం ఇంకా కొంచెం వాలింది.

జైరాం వీడియో ఆపి వేలు పెట్టి చూపించాడు. “సూడుండ్రి. ఇంకా వంకరనే.”

“వంకరని రాస్కోండ్రి,” అంది భాను, నడుము మీద చేతులు పెట్టుకుని. “ఆడొద్దని రాయకుండ్రి. వంకర నాది, సక్కగ చేస్కునేది నేను. ముందుగాల మీరు దుంకుండ్రి కోచ్ సార్, మీది గూడ సూద్దాం!”

అందరూ గొల్లున నవ్వారు. జైరాం పెట్టె వైపు చూశాడు గానీ ఎక్కలేదు.

“ఎవరు పడిపోతరో ఈ పరీక్ష చెప్పది,” అన్నాను. “ఏ కాలికి బలం పెంచాల్నో చెప్తది. పిల్లను తీసేసెటందుకు నా సంతకం దొరకదు.”

“రేపు ఏమన్న అయితే?”

“నా పేరు చెప్పు.”

జైరాం వంగి, పడిపోయిన సీసాను తీసి భాను చేతికిచ్చాడు.

“నీళ్లు తాగు. రోజూ నా ముందటనే దుంకాలె. చప్పుడైతే ఊకోను.”

భాను ఒక్క గుక్క తాగి, అప్పుడే మళ్లీ పెట్టె ఎక్కింది.